ఆ కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి

కుర్చీని గోడవైపు తిప్పుదామని సుభాషిణి ఇప్పటికి రెండుసార్లు లేచింది. రెండుసార్లూ దాన్ని ముట్టుకోకుండానే కిటికీ దాకా వెళ్లి, కర్టెన్ సర్ది, వచ్చి తన చోట కూర్చుంది. పచ్చ ప్లాస్టిక్ కుర్చీ, కుడిచేతి వైపు సన్నటి పగులు. వరంగల్‌లో, సుబేదారిలో ఈ గది అద్దెకు తీసుకున్నప్పుడు అలాంటివే నాలుగు కొన్నది, మిగతా మూడింటికి లేని బరువు దీనికెలా వచ్చింది, ముగ్గురు మనుషులు వస్తే నాలుగో కుర్చీ మిగులుతుంది, అంతే కదా, మిగిలిన కుర్చీని చూసి భయపడేదుంటే కౌన్సెలింగ్ సెంటర్ అని బోర్డు ఎందుకు పెట్టుకున్నట్టు. మరిపెడ బస్సు ఈపాటికి వర్ధన్నపేట దాటి ఉంటుంది. వస్తారా. వస్తున్నామనే చెప్పింది సుగుణ పొద్దున ఫోన్‌లో, "బయల్దేరుతాన్నం మేడం, అత్తమ్మ గూడ వస్తాంది" అని, ఆ తర్వాత గొంతు తగ్గించి, "నిన్న గూడ అన్నం ముట్టలె. పిలిచిన మనిషిని ఆడనే కుర్చీల కూసోబెట్టి వచ్చినం, ఆడు తినకుండ నేనెట్ల తింటనే అంటాంది. వారం సంది చాయ్ మీదనే ఉన్నది మేడం, నిలవడితె కండ్లు తిరుగుతానయ్" అని. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఈ గదిలో తను ఒక్కతే ఉన్నట్టు లేదు. ఫ్యాను ఆపేసి చూసింది, మళ్లీ వేసింది. ఆపితే ఆ నిశ్శబ్దంలో ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది, వేస్తే గాలికి కుర్చీ కాళ్లు నేల మీద కదిలినట్టుంది.

పోయిన వారం కిటికీ పక్కన ఉప్పలయ్య, తలుపు దగ్గర కోడలు సుగుణ, మధ్యలో కట్టమ్మ కూర్చున్నారు. ఎండాకాలంలో వాళ్ల కొడుకు సుదర్శన్ మిర్చి బస్తాలతో వరంగల్ మార్కెట్‌కు వ్యాను నడుపుకుంటూ వస్తుంటే అది బోల్తాపడి పోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోరు. ఒకే వాకిట్లో కూర్చుని "మీ మామను తినుమను" అని ఆవిడా, "మీ అత్తను తలుపేసుకొమ్మను" అని ఆయనా కోడలితో చెప్పుకుంటారు. తల్లిగారింటికి పోదామని సంచీ సర్దుకున్న సుగుణ, తను పోతే ఈ ఇద్దరి మధ్య ఒక్క మాటైనా నడవదని, సర్దిన సంచీని మళ్లీ విప్పుకుంది. మరిపెడలో డాక్టర్ చెప్పగా ఇక్కడికి తీసుకొచ్చింది కూడా ఆ పిల్లే. మొదటి రోజు సుభాషిణి అన్నీ సరిగ్గానే చేసింది, అవును, సరిగ్గానే, ముందు ఇంటి పెద్దను పలకరించింది, చాయ్ తెప్పించింది, సమస్య అడక్కుండా వానల గురించి, పత్తి గురించి అడిగింది. "ఉప్పలయ్య గారూ" అని పిలిస్తే ఆయన కండువా దులుపుకుంటూ, "గారు అనకు మేడం, నాకేదో నోటీసు వచ్చినట్టుంటది" అన్నాడు, కట్టమ్మ మొహం పక్కకు తిప్పుకున్నా పెదవి చివర నవ్వు ఆపుకున్నది, ఇది నిలబడే కుటుంబమే అనిపించింది సుభాషిణికి ఆ నవ్వు చూసి.

సంగతంతా చెప్పింది సుగుణే. సుదర్శన్ పోయిన రోజు పొద్దున కంచం ముందు కూర్చున్న కొడుకును తండ్రి ఏదో అన్నాడు, ఏమన్నాడో ఇప్పుడెవరికీ సరిగ్గా గుర్తులేదు, పెద్ద మాట కూడా కాదు, రోజూ అనే మాటే, కానీ అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పిట్టకు పెట్టిన రోజు చెలకలో ఇస్తరాకు పరిచి, అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు పెట్టి అందరూ దూరం జరిగారు. పిట్ట వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. ఒక కాకి వచ్చి కరెంటు తీగ మీద కూర్చున్నది కానీ దిగలేదు. "నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం రా" అని మేనమామ అన్నాడు, దిగలేదు. "అమ్మను అరుసుకుంటం" అని అక్క అన్నది, దిగలేదు. అప్పుడందరూ ఉప్పలయ్య వైపు చూశారు. ఆయన నోరు తెరవలేదు. ఎండ నెత్తిమీదికొచ్చాక, "ఇగ పోదాం పాండ్రి" అని మాత్రం అన్నాడు. వెనక్కి తిరిగి చూడొద్దంటారు కానీ కట్టమ్మ చూసిందట, తీగ మీద కాకి అట్లాగే ఉందట. ఇదంతా విని సుభాషిణి లోలోపల దానికి అపరాధభావం అని పేరు పెట్టుకుంది, పేరు పెట్టగానే అది చిన్న డబ్బాలో పట్టేంత వస్తువైపోయింది, మూతపెట్టి పక్కన పెట్టింది. ఆ తర్వాతే చెయ్యి చాపి మిగిలిన కుర్చీని చూపించింది. "సుదర్శన్ ఇక్కడ కూర్చున్నాడనుకోండి. చెప్పాలనుకున్నది చెప్పండి."

ఎందుకలా చూపించింది. ఎన్నిసార్లు చెయ్యలేదు ఆ పని, తండ్రిని పోగొట్టుకున్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలతో, భర్త పోయిన బ్యాంకు ఉద్యోగినితో, వాళ్లు ఖాళీ కుర్చీతో మాట్లాడేవాళ్లు, ఏడ్చేవాళ్లు, లేచి వెళ్లిపోయేవాళ్లు, కుర్చీ కుర్చీలాగే ఉండేది. ఉప్పలయ్య మాత్రం చటుక్కున లేచి నిలబడ్డాడు. "అనుకొనుడేంది మేడం, పిలుస్తె వస్తడు గద" అన్నాడు. తండ్రి ఎదుర్కోలేకపోతున్నాడు అనుకుంది తను, ఎంత తెలివిగా అనుకుంది, అప్పటికే కట్టమ్మ కొంగు సర్దుకుని కుర్చీ వైపు తిరిగి, "వచ్చినవా బిడ్డా" అన్నది. ఎలాంటి గొంతు అది. గేటు చప్పుడు విని వంటింట్లోంచి పలికే గొంతు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది, ఏడ్చింది, కొడుకు కాళ్లుండే చోట నేల మీద చెయ్యి పెట్టి రాసింది, సుభాషిణికి తృప్తిగా కూడా అనిపించింది, శిక్షణలో చూపించిన వీడియోలో జరిగినట్టే జరిగిందని. చివరికి మొహం తుడుచుకుని కట్టమ్మ, "ఇప్పుడెట్ల మేడం?" అన్నది. "పిల్లగాడు వచ్చి కూసున్నడు. ఎట్ల తోలియ్యాలె? ఇంటికి తోల్కపోవాల్నా?" మెట్ల మీద తర్వాతి వాళ్ల అడుగులు వినబడుతున్నాయి. "ఈ రోజుకు ఇక్కడితో ఆపుదాం అమ్మా, మిగతాది వచ్చే వారం చూద్దాం" అన్నది సుభాషిణి, మామూలుగా అనే మాటే, అందరితో అనే మాటే. తలుపు దగ్గర కట్టమ్మ ఆగి, కుర్చీతో, "ఉండు బిడ్డ, మల్ల వస్త" అని చెప్పి వెళ్లింది.

ఉంటాడు మరి. ఉండమని చెప్పి వెళ్లాక ఎక్కడికి పోతాడు. గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఉంది, ఆన్‌లైన్‌లో చేసిన కోర్సు, సంస్కృతిని గౌరవిస్తూ కుటుంబాలకు కౌన్సెలింగ్ ఎలా చెయ్యాలన్నది. మెక్సికో నుంచి, ఆ చుట్టుపక్కల దేశాల నుంచి అమెరికాకు వలస వచ్చిన లాటినో కుటుంబాలతో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దావిడ పాఠం చెప్పేది, నెరిసిన జుట్టు, చెవులకు పెద్ద వెండి లోలకులు. ఆ ఇళ్లల్లో తండ్రిని ముందు పలకరించండి, వచ్చీ రాగానే సమస్య అడక్కండి, అమ్మమ్మ మాటను కొట్టెయ్యకండి, తల్లికీ కొడుక్కీ మధ్య గీత గీయాలని తొందరపడకండి అనేది. ఒక రోజు వాళ్ల పండుగ ఫొటోలు చూపించింది, పోయినవాళ్ల ఫొటోల ముందు బంతిపూలు, రొట్టెలు, ఒక గ్లాసు నీళ్లు. నీళ్లు ఎందుకంటే పోయినవాళ్లు ఆ రోజు చాలా దూరం నుంచి నడిచి వస్తారు, దాహంగా ఉంటుంది. ఆ గ్లాసు దగ్గర సుభాషిణికి కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత బాగుంది, ఎంత బాగుంది అనుకున్నది, పరీక్షలో దాని మీదే రెండు పేజీలు రాసింది, ఆ కుటుంబాల ఆచారాన్ని వైద్యంలోకి ఎలా తీసుకురావాలో వివరంగా. సముద్రాల అవతల చచ్చిపోయిన మనుషులకు దాహం వేస్తుందంటే ఒప్పుకున్నది. మరిపెడ పక్క ఊళ్లో పిట్ట ముట్టలేదంటే మూతపెట్టింది. అక్కడిది ఆచారం, ఇక్కడిది లక్షణం. ఏ భాషలో చెబితే నమ్ముతావే నువ్వు అని ఎవరో అన్నట్టయింది, నవ్వుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అట్లా నవ్వేది ఒక్కరే.

వద్దు. ఆ వైపు పోవద్దు. బస్సు గురించి ఆలోచించు, ఈ టైంలో అమ్మవారిపేట దగ్గర ట్రాఫిక్ ఉంటుందా, ఉండదు, వాళ్లు దిగి ఆటో మాట్లాడుకోవాలి, కట్టమ్మ నీరసంతో ఆటో ఎక్కగలదా. ఈ వారంలో కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. శ్రీకాంత్, భవాని అని కొత్తగా పెళ్లైన జంట వచ్చినప్పుడు భవాని తన హ్యాండ్‌బ్యాగు దాని మీద పెట్టబోతే, "అక్కడ పెట్టకండి" అన్నది, తన గొంతు తనకే గట్టిగా వినబడింది, ఆ అమ్మాయి తడిగా ఉందేమో అని చూసుకుంది. ఊడ్చడానికి వచ్చే అరుణ, "ఈ కుర్చి జర జరుపుదునా మేడం" అంటే వద్దన్నది. ఎందుకు మేడం అంటే ఏం చెప్పాలి. "ఎవలన్న వస్తాన్రా" అన్నది అరుణ, అని తనే దాని చుట్టూ తిరిగి తుడిచింది. సాయంత్రం ఎండ తగ్గగానే వేడెక్కిన ప్లాస్టిక్ చల్లబడుతూ టక్ మంటుంది, అన్ని కుర్చీలూ అంటాయి, ఇది మాత్రం ఎవరో కాళ్లు పైకి లాక్కుని సర్దుకుని కూర్చున్నట్టు అంటుంది. కాళ్లు పైకి లాక్కుని. చెప్పులు కింద వదిలేసి, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని. సుదర్శన్ అట్లా కూర్చునేవాడా, ఎవరు చూశారు, వ్యాన్లు నడిపే మనిషి, అట్లా కూర్చోడు. అట్లా కూర్చునేది...

ఇప్పుడు కూడా కుర్చీ కిందకు చూసింది. చెప్పులు లేవు. అయినా చూసింది. నిజం చెప్పాలంటే ఆ రోజు చెయ్యి చాపి కుర్చీని చూపించిన క్షణంలో, కట్టమ్మ ఇంకా నోరు తెరవక ముందే, అక్కడ ఎవరో కూర్చుని ఉన్నారు. కన్ను మూసి తెరిచేంతలో, మోకాళ్లు పైకి లాక్కుని. వాళ్ల కొడుకును పిలిస్తే తన చెల్లెలు ముందుగా వచ్చి కూర్చుందా, చోటు ఖాళీ ఉందని తెలిసి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చునేది అది, బస్సులో ఇంజను మీద కూడా. ఊళ్లోకి కరోనా రెండో విడత వచ్చినప్పుడు చెల్లెల్ని దవాఖానలో చేర్చారు. వీడియో కాల్‌లో నర్సు ఫోన్ పట్టుకుంటే మూతి మీద మాస్కుతో, ఆ మాస్కు కొంచెం ఎత్తి, "ఆకలైతుంది అక్కా" అన్నది. "ఇక్కడి ఇడ్లీ రాయి లెక్కుంటది. అమ్మను పెరుగన్నం కలిపియ్యమను, మామిడికాయ ముక్కేసి." అమ్మ కలిపింది, తను డబ్బా తీసుకెళ్లి గేటు దగ్గర ఇచ్చింది, డబ్బా మీద పేరు రాసి అతికించింది. లోపలికి చేరిందో లేదో తెలియదు. డబ్బా తిరిగి రాలేదు. మనిషి కూడా రాలేదు, కార్పొరేషన్ వాళ్లు బండిలో తీసుకెళ్లారని ఫోన్ వచ్చింది, ఎవరూ రావొద్దని కూడా. మోసినవాళ్లెవరో, ఏ చివర నిలబడి నిప్పు పెట్టారో, ఏమైనా అన్నారో లేదో. ఇంట్లో అమ్మకు జ్వరం, తనకు జ్వరం, కర్మ చేసేవాళ్లు లేరు, పిండం పెట్టిందెవరూ లేరు, పిట్ట కోసం ఎదురు చూసిందెవరూ లేరు. తర్వాత చేద్దామనుకున్నారు. తర్వాత అన్నది ఎప్పుడో అయిపోయింది. అమ్మ ఇప్పుడు దాన్ని "అది" అంటుంది, "అదుంటే ఈ జాకెట్టుకు హుక్కులు కుట్టేది" అని. తను ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే "మా చెల్లెలు" అంటుంది. ఇద్దరి నోట్లోనూ పేరు లేదు. ఈ గదిలో ఎంతమందికి చెప్పింది, పేరు పెట్టి పిలవండి, పైకి అనండి, అంటే బరువు తగ్గుతుంది అని, తనే పైకి అని ఎన్నేళ్లయింది. అంటే వస్తుందనా భయం, రాదనా.

సుగుణకు ఫోన్ చేస్తే స్విచాఫ్. కట్టమ్మ దారిలో పడిపోయిందా. బస్సు దిగి వెనక్కి వెళ్లిపోయారా. వెళ్లిపోతే ఈ కుర్చీని ఎవరు తీసుకెళ్తారు. రేపు పొద్దున తాళం తీస్తే ఇది ఇక్కడే ఉంటుంది, ఎల్లుండి ఉంటుంది, ఆవిడ అక్కడ తినకుండా ఉంటుంది, ఇక్కడ ఇది ఖాళీగా కాకుండా ఉంటుంది. నేనే పిలిచాను కదా. ఉప్పలయ్య చెప్పనే చెప్పాడు, పిలుస్తే వస్తాడని. ఏం చెప్పాలి ఆవిడకు, ఏ మాట చెబితే తింటుంది. ఇది ఒక పద్ధతి మాత్రమే అమ్మా, నిజంగా ఎవరూ రాలేదు అని చెప్పనా, చెబితే ఇంకొకసారి కొడుకు పోయినట్టే, మొదటిసారి వ్యాను తీసుకెళ్లింది, రెండోసారి మేడం. వాసన ముందు వచ్చింది. కోడికూర వాసన, మెట్ల మీద నుంచి, ఆ తర్వాత సుగుణ గొంతు, "మెల్లగ అత్తమ్మ, ఇంకొక్క మెట్టే."

కట్టమ్మ సగమైపోయింది. గోడ పట్టుకుని లోపలికి వచ్చి, ఎవరినీ చూడకుండా కుర్చీనే చూసింది, చూసి ఊపిరి వదిలింది. "ఉన్నడు" అన్నది కోడలితో. సుగుణ చేతిలో స్టీలు టిఫిన్ క్యారియరు, పొద్దున లేచి అత్తే వండిందట, పొయ్యి ముందు కూర్చోలేక కూర్చోలేక. ఉప్పలయ్య తలుపు అవతలే నిలబడ్డాడు. సుభాషిణి లేచింది, సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "తప్పైంది కట్టమ్మా. పిలిచాను గానీ ఎట్లా పంపాలో నాకు తెల్వదు. మీరే చెప్పండి" అన్నది. కట్టమ్మ ఆశ్చర్యంగా చూసింది. "నాకు మాత్రం ఎట్ల తెలుస్తది మేడం. కుర్చీల నుంచి తోలిచ్చుడు మా ఊర్ల ఎన్నడు జూడలె. ముందుగాల తిననియ్యాలె గద. బంగ్ల మీదికి తొవ్వ ఉన్నదా?"

డాబా మీదికి తొవ్వ ఉంది. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదు, ఉప్పలయ్య లోపలికి వచ్చి కుర్చీకి ఒక పక్క పట్టాడు, సుగుణ ఇంకో పక్క పట్టింది. ఒంటిచేత్తో ఎత్తగలిగే ప్లాస్టిక్ కుర్చీని ఇద్దరూ రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కుతుంటే, "ఒరగనియ్యకుండ్రి, జర నిలువుగ" అంటూ కట్టమ్మ వెనకే నడిచింది. సుభాషిణి ముందు వెళ్లి తలుపు తీసింది. పైన నీళ్ల ట్యాంకులు, బట్టల తీగ, ఎవరివో ఆరేసిన స్కూలు యూనిఫాంలు, రోడ్డు మీది హారన్లు. కుర్చీని ఎండలో దించారు. దాని ముందు వెంట తెచ్చిన ఇస్తరాకు పరిచి కట్టమ్మ అన్నం పెట్టింది, కూర పోసింది, గుడ్డును దారంతో రెండుగా కోసి పెట్టింది, ఒక ముద్ద కలిపి పక్కన పెట్టింది, ఆ రోజు కంచంలో వదిలేసిన ముద్ద అంతది. నలుగురూ నిలబడ్డారు. ట్యాంకు మీద ఒక కాకి ఉంది. అది ముక్కు ట్యాంకుకు రుద్దుకుంటున్నది, దిగడం లేదు.

ఉప్పలయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒరేయ్" అన్నాడు, ఆగాడు. "అన్నం ముందట నిన్ను అన్న. అనకపోయేదుండె. ఇగ అనను రా. తినిపో బిడ్డ." ఆ మాట ఆయన గడ్డం దాటి పోలేదు. కట్టమ్మ తల తిప్పి మొగుడి వైపు చూసింది, కోడలి వైపు కాదు, నేరుగా. "గట్టిగ అను. ఆనికి ఇనవడాలె" అన్నది. ఆయన గట్టిగా అన్నాడు, గొంతు చీలింది, పక్క బంగ్లా మీద బట్టలు తీస్తున్నావిడ ఇటు చూసింది. సుగుణ రెండు చేతులతో మొహం కప్పుకున్నది. కాకి కదలలేదు.

"ఇంకేమున్నదో ఆని మనసుల" అన్నది కట్టమ్మ. తర్వాత సుభాషిణి వైపు తిరిగింది. "పిలిచింది నువ్వు గద బిడ్డా. నువ్వు గూడ ఒక మాట అనాలె." అవును, అనాలి, సుదర్శన్ అని పిలవాలి, నేను ముఖం కూడా చూడని మనిషి, తిని వెళ్లు నాయనా అనాలి. ఎండ కుర్చీ మీద పడి ఆ పచ్చ రంగు నీళ్లలా కనిపిస్తోంది, అందులో ఎవరో మోకాళ్లు దగ్గరికి లాక్కుని ఆకు వైపు చూస్తున్నారు, తమది కాని ఆకు వైపు, అడగడానికి మొహమాటపడుతూ. సుభాషిణి నోరు తెరిచింది. "రమా" అన్నది. "రమా, తినవే."

సుగుణ అత్త వైపు చూసింది. కట్టమ్మ ఎవరు అని అడగలేదు. సుభాషిణి ముఖంలోకి కాసేపు చూసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగింది, టిఫిన్ క్యారియరు మళ్లీ దగ్గరికి లాక్కున్నది. "కోడికూర తింటదా మేడం?" అన్నది. సుభాషిణి కాదన్నట్టు తల ఊపింది. "పెరుగు" అన్నది. అడుగు గిన్నెలో కోడలి కోసం తెచ్చిన పెరుగుంది. కట్టమ్మ ఆకు చివర కూర అంటని చోటు చూసి, చేత్తో తుడిచి, కొంచెం అన్నం పెట్టి పెరుగు కలిపింది, పిల్లలకు కలిపినట్టు మెత్తగా, ఇంకో ముద్ద చేసి మొదటి ముద్దకు కొంచెం ఎడంగా పెట్టింది.

"ముట్టినంక నువ్వు తింటవా అత్తమ్మ" అని మెల్లగా అడిగింది సుగుణ.

"ముట్టనియ్యి ముందు."

ఉప్పలయ్య కండువా భుజాన వేసుకున్నాడు. "జర అవుతలికి జరుగుండ్రి" అన్నాడు. "మనం మీదనే నిలవడితె వాళ్లెట్ల తింటరు." నలుగురూ వెనక్కి నడిచి పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డారు, కట్టమ్మ చెయ్యి సుభాషిణి మోచేతిని పట్టుకుని ఉంది, ఆనుకోవడానికో, ఆపడానికో. పైన ట్యాంకు మీద గోళ్లు గీసుకున్న చప్పుడైంది. ఎవరూ తలెత్తి చూడలేదు.